కిరొసిన్ రూత్ కేక

మగవాళ్ళ మేజోళ్ళను తిరగేసి ఉతకాలి. లేకపోతే ఎంత సబ్బు పోసినా ఆ కంపు పోదు. దేశమంతా తిరిగి పాడి, పత్రికల అట్టల మీద మొహం వేయించుకున్న డెనీస్‌కి బ్యాండు జీవితం గట్టిగా నేర్పిన విద్య ఏదైనా ఉందంటే ఇదే. మొదటిసారి పాత వ్యానులో ఊళ్ళు పట్టి తిరిగిన రోజుల్లో, మొగుడి చొక్కాతో పాటు తన చొక్కా లాండ్రీలో వేస్తుంటే, బేస్ గిటార్ వాయించే గ్యారీ "ఎలాగూ వేస్తున్నావుగా, వీటినీ పడెయ్ తల్లీ" అని తన మేజోళ్ళు విసిరాడు. ఆ "ఎలాగూ" అనే మాట ఉంది చూశారూ, అది ఆమె నెత్తి మీద ఎక్కి కూర్చుని మళ్ళీ దిగలేదు. ఎలాగూ లేచావుగా, కాఫీ పెట్టు. ఎలాగూ నువ్వు తాగవుగా, బండి నువ్వే నడుపు. ఎలాగూ ఖాళీగా ఉన్నావుగా, మా అమ్మకి ఫోన్ చెయ్యి. వ్యాను పోయి పెద్ద బస్సు వచ్చింది. సందుల్లో బార్లు పోయి మైదానాలు వచ్చాయి. మేజోళ్ళు మాత్రం డెనీస్ చేతిలోంచి ఎక్కడికీ పోలేదు. పత్రికల వాళ్ళు ఈ సంగతి ఎప్పుడూ అడగరు. "ఆడదానివై ఉండి నీ పాటల్లో అంత కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని మాత్రం ప్రతివాడూ అడుగుతాడు.

ఆ జూలై శనివారం పొద్దున ఆమె సొంత ఊళ్ళోనే, టొలీడోలో, చిన్నప్పుడు వాళ్ళమ్మ వెంట వచ్చిన లాండ్రీలోనే, తిరిగే మర ముందు కూర్చుని ఉంది. మధ్యాహ్నం ఊరి చివర తిరునాళ్ళ మైదానంలో కచేరీ. మెడలో పిల్లలు రాసుకునే చిన్న పలక వేలాడుతోంది. పాడే వేళ తప్పితే నోరు విప్పవద్దని డాక్టరు చెప్పింది. గుసగుసలు కూడా వద్దంది. గుసగుస గొంతుకి మామూలు మాట కన్నా ఎక్కువ చేటట. ఈ ముక్క బ్యాండులో ఎవరి బుర్రకీ ఎక్కదు. "గట్టిగా మాట్లాడొద్దంది గానీ చెవిలో చెప్పొద్దందా? మరీ విడ్డూరం కాకపోతే," అంటాడు మొగుడు రస్. గ్యారీకైతే అది పెద్ద వేళాకోళం. "ఆ డాక్టరమ్మ అడ్రసు నాకూ ఇవ్వరా రస్, మా ఆవిడ నోటికీ ఓ చీటీ రాయించుకొస్తా," అని నవ్వి నవ్వి దగ్గుతాడు. అందరూ నవ్వుతారు. డెనీస్ కూడా నవ్వుతుంది, శబ్దం రాకుండా.

పక్క బల్ల మీద దుప్పట్లు మడత పెడుతున్న పెద్దావిడ చాలాసేపు ఇటే చూసి, చివరికి ఆగలేక దగ్గరికి వచ్చింది.

"నువ్వు రూత్‌వి కదూ?"

బ్యాండు పేరు కిరొసిన్ రూత్. రూత్ డెనీస్ నాయనమ్మ. తడి కట్టెల మీద కిరొసిన్ గుమ్మరించి పొయ్యి అంటించే మనిషి. ఆ పేరు బ్యాండుకి పెట్టిన దగ్గర్నుంచీ లోకానికి డెనీస్ అనే మనిషి లేదు, రూతే ఉంది. డెనీస్ తల ఊపింది. పలక చూపించి, గొంతు మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, గొంతు పట్టేసిందా? పట్టెయ్యదు మరి, అలా అరిస్తే! మా మనవరాలు నిన్న క్లీవ్‌లాండ్ వెళ్ళిందమ్మా నీ కచేరీకి. పొద్దున ఫోన్ చేసింది. 'అమ్మమ్మా, చివర్లో ఆ కేక వేసిందే, నా వెన్నులో వణుకొచ్చింది, పక్కనున్న పిల్ల ఏడ్చేసింది' అని ఒకటే గోల. నాకు ఇలాంటి పాటలు ఎక్కవు గానీ, నీ గొంతులో ఏదో ఉందే తల్లీ."

డెనీస్ చేతిలో పలక చేతిలోనే ఉండిపోయింది. నిన్న క్లీవ్‌లాండ్‌లో ఆ కేక రాలేదు. రాలేదన్న సంగతి ఆమెకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? డ్రమ్ములు ఆగాయి, ఊపిరి తీసింది, నోరు తెరిచింది. గాలి తప్ప ఇంకేమీ రాలేదు. గొంతులో తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టు ఓ రుచి వచ్చింది, అంతే. తన పాట తనకి వినబడేందుకు కాళ్ళ దగ్గర పెట్టిన చిన్న స్పీకరులో కూడా ఉత్త గాలే వినబడింది. సిగ్గుతో కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి జనం చేతులెత్తి ఊగిపోతున్నారు. వాళ్ళ గోలలో తన గొంతు పోయిన సంగతి కొట్టుకుపోయిందనుకుంది, బతికిపోయాననుకుంది. మరి ఈ ముసలావిడ మనవరాలి వెన్నులో వణుకు పుట్టించిన కేక ఎవరిది?

పెద్దావిడ ఇంకేదో చెబుతూనే ఉంది. డెనీస్‌కి వినబడలేదు. తడి బట్టలన్నీ ఆరబెట్టే మరలోకి వేసి, దాని వేడి గాజు తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఒళ్ళు మాత్రం వెచ్చబడలేదు.

మార్చిలో డాక్టరు బ్రాండ్ట్ ఆమె గొంతులోకి సన్నటి గొట్టం దింపి, టీవీలో చూపించింది. "చేతులకి కాయలు కాసినట్టు నీ గొంతుకి కాశాయమ్మా. అది కూడా పెద్ద భయం కాదు. ఇదిగో, ఈ పక్క చూడు, ఎర్రగా ఉబ్బి ఉందే, ఈ నరం. దీంతోనే నా భయమంతా. ఒక్క గట్టి కేక చాలు, చిట్లుతుంది. చిట్లి మచ్చ కట్టిందంటే పాట సంగతి దేవుడెరుగు, కొట్టువాడిని రొట్టె అడగడానికి కూడా గొంతుండదు." విరుగుడూ ఆవిడే చెప్పింది. చిన్న ఆపరేషను, ఆరు వారాలు పూర్తి మౌనం, తరవాత పసిపిల్లకి నేర్పినట్టు మెల్లగా గొంతుకి మళ్ళీ నేర్పడం. "మునుపటిలా కేకలు వెయ్యలేకపోవచ్చు. కానీ పాడతావు, నేను మాటిస్తున్నా. ఆలస్యం మాత్రం చెయ్యకు." కారులో వస్తూ రస్ స్టీరింగు మీద వేళ్ళతో చాలాసేపు తాళం వేశాడు. తరవాత "వేసవి టూరు అయిపోనీ, చూద్దాం" అన్నాడు. ఆ తరవాత కచేరీకి ముందల్లా వాపు తగ్గించే సూది వేసే ఇంకో డాక్టరును వెతికి పట్టుకున్నాడు. సూది వేస్తే ఓ రెండు గంటలు గొంతు లేతగా, నొప్పి లేకుండా పలుకుతుంది. నొప్పి తెలియకపోవడమే దానిలోని ప్రమాదమని డాక్టరు బ్రాండ్ట్ ఫోన్‌లో మొత్తుకుంది. ఆ ఫోన్ తీసింది రస్.

డెనీస్ ఊరికే ఒప్పుకోలేదు. ఒక్కటంటే ఒక్కటి అడిగింది, శ్రుతి అర మెట్టు దించమని. పాడేవాళ్ళ గొంతు అలిసినప్పుడు తీగలన్నీ కాస్త వదులు చేసి అర మెట్టు కింద వాయించుకోవడం ఏ బ్యాండులోనైనా ఉన్నదే. వినే జనానికి తేడా తెలియను కూడా తెలియదు. "పాట చచ్చిపోతుందే," అన్నాడు రస్. "రికార్డులో అలా లేదు. జనం రికార్డు విని వస్తారు. నా గిటార్ ఆ పై శ్రుతిలోనే మోగుతుంది, కింద మోగదు." అదే గ్యారీ వేలు డబ్బా మూత తగిలి కోసుకుపోయినప్పుడు, వాడి వేలికి నొప్పి కలక్కుండా ఒక్క పూటలో మూడు పాటలు మార్చేశారు. అప్పుడు ఏ పాటా చావలేదు. వేలు వేలే, గొంతు మాత్రం ఎలాగూ ఉన్నదే. ఆడదాని గొంతు కొళాయి లాంటిదని వాళ్ళ లెక్క, తిప్పితే రావాలి.

ఇక ఆ కేక. "మెట్ల కింద" అనే పాట చివర వచ్చే ఆ కేకే బ్యాండుకి అన్నం పెడుతోంది. ఆ పాటను అత్తగారింటి నేలమాళిగలో, గోడలకి పాత పరుపులు కట్టి రికార్డు చేశారు. పాట రాసింది డెనీస్, బాణీ కట్టింది డెనీస్. మంచి ఊపులో పాడుతుంటే పైనుంచి అత్తగారు లొరెయిన్ "అమ్మాయ్, ఓవెన్ వెలిగించావా?" అంది. మళ్ళీ పాడారు. "అమ్మాయ్, మాంసం బయటికి తీసి పెట్టావా?" మళ్ళీ పాడారు. ఈసారి చరణం మొత్తం బాగా కుదిరింది, డ్రమ్ములు ఆగాయి, పైనుంచి "అమ్మాయ్, బంగాళదుంపలు ఎవరు చెక్కుతారనుకున్నావ్?" అంది. డెనీస్ అరిచింది. పాట కోసం కాదు. ఒళ్ళు తెలియకుండా, కడుపులోంచి, నాయనమ్మ నుంచీ పేరుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చినట్టు అరిచింది. మైకు ముందరే ఉంది, టేపు తిరుగుతూనే ఉంది. అరిచి, కళ్ళు తుడుచుకుని, పైకి వెళ్ళి దుంపలు చెక్కింది. కింద రస్ ఎగిరి గంతేశాడు. "ఇదే! ఇదే కావాలి మనకి!" ఆ రోజు నుంచి ఆ కోపాన్ని ఆమె రోజూ సాయంత్రం టిక్కెట్టు కొన్నవాళ్ళ కోసం మళ్ళీ మళ్ళీ తెచ్చుకోవాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే అత్తగారు దాన్ని తన గొప్పగా చెప్పుకుంటుంది. "నేను దుంపల సంగతి అడక్కపోతే ఆ కేక ఎక్కడిది?" అని చర్చిలో ఆడవాళ్ళ ముందు నవ్వుతుంది.

ఇవేవీ కావు డెనీస్‌ని కొన్ని వారాలుగా లోపల్లోపల తొలిచేస్తున్నది. రస్‌కి భయం పోయింది, అదీ సంగతి. మే నెల దాకా ఆమె దగ్గితే చాలు అతని మొహం పాలిపోయేది. తేనె తెచ్చేవాడు, వేణ్ణీళ్ళు తెచ్చేవాడు, "ఐసు నీళ్ళెందుకు తాగావ్, నీకు బుద్ధుందా" అని కసిరేవాడు. జూన్‌లో ఏమైందో ఏమో, ఒక్కసారిగా నెమ్మదించాడు. ఆమె రక్తం కలిసిన ఉమ్మి చూపిస్తే "తగ్గిపోతుందిలే బంగారం" అని భుజం తట్టి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. పట్టు రుమాలు కొనిచ్చాడు. వచ్చే వసంతానికి విదేశాల్లో టూరు ఒప్పుకున్నాడు. మొగుడు అరిస్తే భయపడే ఆడవాళ్ళను ఆమె చూసింది. మొగుడు నెమ్మదిగా ఉంటే భయపడటం ఆమెకే కొత్తగా ఉంది. రాత్రి పక్కన అతను హాయిగా నిద్రపోతుంటే, ఇతనికి తెలిసినదేదో నాకు తెలియడం లేదు అనిపించేది. అడుగుదామంటే పలక మీద పట్టే ప్రశ్న కాదు.

ఆరిన బట్టలు సంచిలో కుక్కుకుని ఆమె మైదానానికి నడిచే వెళ్ళింది. దూరం ఎంతో లేదు. ఎండ అప్పటికే తీక్షణంగా ఉంది, గాలి బొత్తిగా లేదు. మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళు, నిమ్మరసం బళ్ళవాళ్ళు అప్పుడే సామాను దించుకుంటున్నారు. గేటు దగ్గర కాపలావాడు ఆమెను గుర్తుపట్టి చెయ్యి ఊపబోయి, ఊపకుండానే ఆగిపోయాడు. వేదిక వైపు ఒకసారి చూశాడు, మళ్ళీ ఈమె వైపు చూశాడు, నుదురు చిట్లించాడు.

ఎందుకంటే అప్పటికే డెనీస్ పాడుతోంది.

వేదిక మీది పెద్ద స్పీకర్లలోంచి ఆమె గొంతు ఖాళీ మైదానం మీదికి పరుచుకుంటోంది. "మెట్ల కింద" రెండో చరణం. రికార్డు కాదు. రికార్డులో ఎక్కడ ఊపిరి తీసిందో ఆమెకు తెలుసు, ఇది అది కాదు. చుట్టూ వాద్యాలేవీ లేని ఒట్టి గొంతు. ఎవరో దాన్ని మధ్యలో తుంచారు. మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. అదే పదం, అదే వణుకు, మళ్ళీ అదే పదం. తన గొంతు తనని వదిలేసి, తనకన్నా ముందే వచ్చి పనిలో చేరినట్టుంది. డెనీస్ బట్టల సంచి రెండు చేతులా పొట్టకి అదుముకుని అక్కడే నిలబడిపోయింది.

అప్పుడు అర్థమైంది డెల్ మంచితనం. డెల్ సౌండు చూసే మనిషి. నెమ్మదస్తుడు. జూన్ నుంచి ప్రతి ఊళ్ళో, సూది వేయించుకుని రాగానే, మిగతావాళ్ళు రాకముందే ఆమెను వేదిక ఎక్కించేవాడు. "ఒక్కదానివే ఒకసారి పాటలన్నీ పాడు డెనీస్, మైకు సరిచూసుకోవాలి. తొందరేం లేదు, నెమ్మదిగానే," అనేవాడు. గొంతు లేతగా ఉన్న ఆ రెండు గంటల్లో మంచి భాగమంతా ఖాళీ కుర్చీల ముందు ఒలికిపోయేది. నా కోసం ఇంత ఓపిక పడుతున్నాడు పాపం అనుకుంది. ఆ కేక కూడా అడిగేవాడు. "ఒక్కసారి వేసెయ్, ఎంత దూరం వెళ్తుందో చూస్తా." వేసేది, పిచ్చిది.

వేదికకి ఎదురుగా, మైదానం మధ్యలో, సౌండు బల్ల ఉన్న గుడారం ఉంది. ఆమె దాని వెనక వైపుగా వెళ్ళింది. దాక్కోవాలని కాదు, కాళ్ళు అటే నడిచాయి. గుడ్డ గోడకి ఇవతల నిలబడింది. లోపల రస్ గొంతు.

"అర క్షణం ముందు నొక్కాలి నువ్వు. నిన్న కేక కాస్త ఆలస్యమైంది. అది నోరు తెరిచాక వచ్చింది."

"నేను దాని నోటి వంకే చూస్తున్నా, రస్. అది తెరిచేదాకా ఎలా నొక్కను?"

"నోరు చూడకు. డ్రమ్ములు చూసుకో. డ్రమ్ములు ఆగిన మరు తాళానికి నొక్కెయ్. అది ఎలాగూ తెరుస్తుంది."

కాసేపు ఏదో మీట టక్కుటక్కుమంది. తరవాత డెల్ అన్నాడు, "చెప్పావా దానికి?"

"చెప్తే ఊరుకుంటుందేంట్రా? పరువు గిరువు అంటుంది. వసంతం టూరుకి సరిపడా ఉన్నట్టేనా మనకి?"

"పాటలన్నీ ఉన్నాయి. కేకలైతే నాలుగైదు రకాలున్నాయి." మీట చప్పుడు ఆగిపోయింది. "నాకు మనసొప్పడం లేదు రస్. ఆపరేషను చేయించెయ్యొచ్చు కదా ఇప్పుడే? ఆ డాక్టరు చెప్పిందే నిజమైతే క్రిస్మస్ నాటికి ఆ పిల్లకి మాట కూడా ఉండదు."

"ఆపరేషను చేయిస్తే వేరే గొంతు వస్తుంది. మెత్తటి గొంతు. దాన్ని ఎవడు వింటాడు? క్రిస్మస్ సంగతి నాకు తెలీదనుకున్నావా? తెలుసు కాబట్టే గదా ఇదంతా."

డెనీస్‌కి అరికాలి మంట నెత్తికెక్కాలి. ఎక్కలేదు. ఒళ్ళంతా చల్లబడింది. తెలుసు. ఇతనికి తెలుసు. ఇల్లు కాలిపోతుందని తెలిసి మంట ఆర్పకుండా, విలువైనవన్నీ ముందే బయటికి చేరవేసుకుని, లోపల నిద్రపోతున్న మనిషికి మాత్రం చెప్పనివాడిలా ఉన్నాడు ఇన్నాళ్ళూ. అందుకే ఈలలు, అందుకే పట్టు రుమాలు. ఆమె గొంతు ఇప్పుడు ఆమె గొంతులో లేదు, డెల్ రికార్డు చేసి దాచిన ఆ పెట్టెలో ఉంది. అది భద్రంగా ఉంది కాబట్టి ఇది ఉన్నా పోయినా ఒకటే. పదకొండేళ్ళు కాపురం చేశాను ఈ మనిషితో, ఇతని మేజోళ్ళు తిరగేసి ఉతికాను, ఇతన్ని తిరగేసి ఎప్పుడూ చూసుకోలేదు అనుకుంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే గొంతు బిగుసుకుంటుందని దాన్ని కూడా మింగేసింది.

బస్సులోకి వెళ్ళి చొక్కాలు మడత పెట్టింది. ఎవరిది వాళ్ళ మంచం మీద పెట్టింది. మడత ఎప్పటిలాగే సరిగ్గా వచ్చింది. చేతులకి అలవాటైన పని అలాంటిది, మనిషితో సంబంధం లేకుండా సాగిపోతుంది. మడత పెడుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. నిలదీస్తే అతను ఏడుస్తాడు. అతను బాగా ఏడుస్తాడు. చివరికి ఆమే ఓదార్చాలి. అయినా ఒక్క అవకాశం ఇవ్వాలనిపించింది. నిజం చెప్పడానికి ఒక్క అవకాశం. చెబితే, ఈ పూటకి చెప్పినా చాలు, ఆస్పత్రికి ఇద్దరం కలిసే వెళ్దాం అనుకుంది.

అంతలో రస్ లోపలికి వచ్చాడు, చెమట తుడుచుకుంటూ. ఆమె పలక మీద రాసి చూపించింది. "ఇవాళ కేక వద్దు. నరం చిట్లుతుంది."

చదివాడు. ఆమె అతని మొహం వంకే చూస్తోంది. కేక పెట్టెలో ఉంది, ఆమె వెయ్యకపోయినా వినబడుతుంది, ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఊరికే నోరు తెరువు చాలు అన్నా సరిపోయేది. అతను ఆమె పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఎంతో ప్రేమగా నవ్వాడు.

"సొంత ఊరు డెన్నీ. వెయ్యకపోతే ఎలా? నిజంగా వెయ్యాలి. వేసినప్పుడు నీ మెడలో నరాలు ఉబ్బుతాయి చూడు, మొహం ఎర్రబడుతుంది, కళ్ళల్లో నీళ్ళొస్తాయి. అది నటిస్తే వచ్చేది కాదే. ఇవాళ టీవీ వాళ్ళు దగ్గర్నుంచి తీస్తారు. ఈ ఒక్క పూటకి. నా కోసం."

డెనీస్ పలక తుడిచేసింది. అతను దాన్ని సరేననడం అనుకున్నాడు. లేచి, మడత పెట్టిన చొక్కా తీసుకుని వాసన చూసి, "బంగారానివే నువ్వు," అన్నాడు.

సూది వేసే డాక్టరు వస్తే ఆమె తల అడ్డంగా ఊపింది. "ఏంటమ్మా, ఇవాళ నొప్పి లేదా?" అని ఆయన ఆశ్చర్యపోయాడు. నొప్పి ఉంది. ఇవాళ దాన్ని దగ్గరే ఉంచుకోవాలనుకుంది. నాలుగు నెలలుగా ఆ నొప్పి ఒక్కటే ఆమెతో నిజం చెబుతోంది.

వేదిక వెనక అత్తగారు బంగాళదుంపల సలాడు పెద్ద గిన్నెలో పట్టుకుని నిలబడి ఉంది. కొత్త గౌను, పెదాలకి రంగు. "ఏమ్మాయ్, ఇంత చిక్కిపోయావేం? తింటున్నావా లేదా? చూడు, మా చర్చి ఆడవాళ్ళందర్నీ ముందు వరసలో కూర్చోబెట్టా. కేక మాత్రం దద్దరిల్లిపోవాలి. వాళ్ళకి ఎప్పట్నుంచో చెబుతున్నా," అని, గొంతు తగ్గించి, "మా వాణ్ణి ఏం కష్టపెట్టకే. పాపం వాడే చూసుకుంటున్నాడు అన్నీ. మా ఆయన బతికున్నప్పుడు నాకూ గొంతుండేది, చర్చిలో నేనే పాడేదాన్ని. మానెయ్యమన్నారు, మానేశా. ఏం పోయింది?" అంది. ఏం పోయిందో అడిగినట్టు లేదు, చెప్పినట్టూ లేదు. ఒక్క క్షణం ఆవిడ మొహం ఖాళీ అయింది. తరవాత మూత తీసి, సలాడులో గుడ్డు ఎక్కువ వేశానని చెప్పింది. డెనీస్ ముందుకి వంగి ఆ రంగు పూసిన బుగ్గ మీద ముద్దు పెట్టింది. లొరెయిన్ కంగారు పడిపోయింది.

మైదానం నిండింది. ఎండ నడినెత్తిన ఉంది. ఎక్కడ చూసినా మొహాలే, వాటి మీద చెమట మెరుపే. "రూత్! రూత్! రూత్!" అని కాళ్ళతో నేల తడుతున్నారు. డెనీస్ పాడింది. ఉన్నంతలో పాడింది. గొంతు ఎక్కడ ఆగిందో అక్కడ తనూ ఆగింది, ఆగినచోట పెద్ద స్పీకర్లలో తన గొంతే సాగిపోవడం ఈసారి చెవి పెట్టి వింది. మునుపు ఎందుకు పట్టుకోలేకపోయిందో తెలిసింది. కాళ్ళ దగ్గర స్పీకరు ఆమెకు నిజమే చెప్పేది, అబద్ధమంతా జనం వైపుకి తిరిగి ఉండేది. ముందు వరసలో పన్నెండు పదమూడేళ్ళ ఆడపిల్లలు ఆమె పెదాల వంకే చూస్తూ పదం పదం కలిపి పాడుతున్నారు. వాళ్ళ మెడల్లో కూడా నరాలు ఉబ్బుతున్నాయి. అది చూసి ఆమెకు మొదటిసారి నిజంగా భయమేసింది, తన కోసం కాదు.

"మెట్ల కింద" మొదలైంది. మొదటి చరణం. రెండో చరణం. రస్ గిటార్ ఆ పై శ్రుతిలో ఖంగుమని మోగుతోంది. టీవీ కెమెరా మనిషి వేదిక అంచున మోకాళ్ళ మీద కూర్చుని ఆమె మొహం మీదికి కెమెరా తిప్పాడు. డ్రమ్ములు ఎగసి ఎగసి, ఆగాయి. జనమంతా ఊపిరి బిగబట్టారు. ఆ ఒక్క తాళం నిశ్శబ్దంలో గొంతులోని ఎర్ర నరం కొట్టుకోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది.

డెనీస్ మైకుని వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. చేతులు రెండూ కిందికి వదిలేసింది. పెదాలు కలిపి మూసుకుంది.

కేక వచ్చింది.

మైదానమంతా దద్దరిల్లేలా, ఆవలి మొక్కజొన్న చేల దాకా వినబడేలా వచ్చింది. డెల్ తలెత్తి చూడకుండా నొక్కాడో, చూసే నొక్కాడో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. జనం అలవాటు కొద్దీ చేతులెత్తారు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ముందు వరసలో పిల్లలు ఆమె మొహం వంక చూశారు, స్పీకర్ల వంక చూశారు, మళ్ళీ మొహం వంక చూశారు. కెమెరా మనిషి కంటి దగ్గర్నుంచి కెమెరా దించేశాడు. లొరెయిన్ రెండు చేతులూ తన గొంతు మీద పెట్టుకుంది. రస్ ఇంకా వాయిస్తూనే, జనానికి వీపు తిప్పి, ఆమె మొహంలో మొహం పెట్టేంత దగ్గరికి వచ్చాడు. అతని కళ్ళల్లో జూన్‌లో పోయిన భయమంతా తిరిగి వచ్చింది.

"నోరు తెరువ్," అన్నాడు. "డెన్నీ, నీకు దణ్ణం పెడతానే, నోరు తెరువ్. ఒక్కసారి తెరువ్."

పదకొండేళ్ళ కాపురంలో ఆమె నోరు తెరవాలని అతను బతిమాలడం అదే మొదటిసారి. డెనీస్ పెదాలు ఇంకా గట్టిగా బిగించుకుంది. తన గొంతు తను లేకుండా అరుస్తుంటే, అది పూర్తయ్యేదాకా, మిగతా జనంతో పాటు నిలబడి వింది.